యాగశాల నుంచి బస్సు ఒప్పందం దాకా

2015 డిసెంబరు 23 నుంచి 27 దాకా ఎర్రవల్లిలో అయుత చండీ మహాయాగం జరిగింది. ఎర్రవల్లి ఇప్పుడు సిద్దిపేట జిల్లా మర్కూక్ మండలంలో ఉంది. అప్పటికి జిల్లా మెదక్, మండలం జగదేవ్‌పూర్. వెయ్యిమందికి పైగా ఋత్విక్కులు, ఐదు రోజుల పారాయణ, హోమం, జనసందోహం, ఆఖరి రోజు యాగశాలలో మంటలు చెలరేగడం, రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ రాక ఆగిపోవడం, వీటన్నిటి గురించీ అప్పుడే పత్రికలు కావలసినంత రాశాయి. మనకిక్కడ కావలసింది అతిథుల్లో ఒక్క పేరు. అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు (కేసీఆర్) స్వయంగా విజయవాడ వెళ్లి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడిని యాగానికి పిలిచారు. ఆయన వచ్చారు. దానికి సుమారు ఆరు నెలల ముందు ఓటుకు నోటు కేసు, ఫోన్ ట్యాపింగ్ ఆరోపణలతో రెండు ప్రభుత్వాలు ఒకదాని మీద ఒకటి నిప్పులు చెరుగుకున్నాయి. మాటలు లేని ఇళ్ల మధ్య కూడా పెళ్లికి పిలుపు వెళ్తుంది, పిలిచాక రాకపోతే తప్పు రానివాళ్లదవుతుంది. దేవుడి పేరున పిలుపు కూడా అలాంటిదే. పిలిచినవాడు తగ్గినట్టు కాదు, వచ్చినవాడు లొంగినట్టూ కాదు. పొరుగు ప్రత్యర్థుల మధ్య తీర్థయాత్రలూ యజ్ఞాలూ రాయబారానికి పనికొచ్చేది ఈ వెసులుబాటు వల్లనే. అయితే ఆ వెసులుబాటు ఎంతకాలం నిలుస్తుంది, ఎవరికి పనికొస్తుంది అన్నది వేరే ప్రశ్న. గడిచిన దశాబ్దంలో రెండు తెలుగు రాష్ట్రాల మధ్య నడిచిన వ్యవహారం దీనికి చాలా స్పష్టమైన జవాబే ఇస్తోంది. నాయకుడు చేసే దర్శనం అప్పటికి ఉద్రిక్తత తగ్గిస్తుంది, అంతకు మించి ఏమీ చేయదు. మామూలు యాత్రికుడి రాకపోకలను లెక్కకట్టి, ఆపితే ఇద్దరికీ నష్టం వచ్చేలా ముడివేసిన ఏర్పాటు మాత్రమే నాయకుల మూడ్ మారినా నిలబడుతుంది.

దేశాల మధ్య ఈ పని ఎలా జరుగుతోందో ముందు చూద్దాం. భారత్, పాకిస్తాన్ 1974లో పుణ్యక్షేత్రాల సందర్శనపై ఒక ఒప్పందం రాసుకున్నాయి. అటు నన్‌కానా సాహిబ్, పంజా సాహిబ్, కటాస్‌రాజ్. ఇటు అజ్మీర్, నిజాముద్దీన్ దర్గాలు. ఏ ఉత్సవానికి ఎంతమంది జట్టుగా వెళ్లవచ్చో అందులో ఉంటుంది. దానికి పెద్దగా ప్రచారం లేదు. ప్రచారమంతా 2019 నవంబరు 9న తెరిచిన కర్తార్‌పూర్ కారిడార్‌కు దక్కింది. గురునానక్ చివరి రోజులు గడిపిన గురుద్వారా సరిహద్దుకు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంది. డేరా బాబా నానక్ దగ్గర గట్టు మీద నిలబడి దుర్భిణిలోంచి దండం పెట్టుకునే రోజులు పోయి, వీసా లేకుండా 20 డాలర్ల రుసుముతో రోజుకు 5,000 మంది వరకు వెళ్లే వీలు కలిగింది. పుల్వామా, బాలాకోట్ జరిగిన సంవత్సరంలోనే ఇది తెరుచుకుందంటే దాన్ని తక్కువ చేయలేం. కానీ 2025 మేలో, ఆపరేషన్ సిందూర్ మొదలైన రోజునే, భారత్ వైపు తలుపు మూతపడింది. అదే సంవత్సరం నవంబరులో మాత్రం పాత 1974 ఏర్పాటు కింద సుమారు రెండువేల మంది సిక్కు యాత్రికులు అటారీ దాటి నన్‌కానా సాహిబ్ వెళ్లివచ్చారు. చైనాతోనూ ఇదే కథ. 1981లో మళ్లీ మొదలైన కైలాస మానససరోవర యాత్రకు 2015లో నాథూలా దారి కూడా కలిసింది. 2017లో డోక్లాం దగ్గర సైన్యాలు ఎదురెదురు నిలబడగానే ఆ దారి ఆగింది. 2020 నుంచి యాత్ర మొత్తం ఆగిపోయి, సంబంధాలు కాస్త కుదుటపడ్డాక 2025లో 750 మందితో తిరిగి మొదలైంది. సంబంధాలు బాగుపడటానికి యాత్ర కారణమైందా, బాగుపడ్డాయని చెప్పడానికి యాత్ర ఒక గుర్తుగా పనికొచ్చిందా? రెండోదే నిజమని నాకనిపిస్తుంది. ఆకాశంలో మబ్బు పట్టిందని చెప్పడానికి పనికొచ్చే చీమల బారు వాన తెప్పించదు.

రెండు రాష్ట్రాల వ్యవహారాన్ని రెండు దేశాల పక్కన పెట్టడమేమిటని అడగవచ్చు. ఇక్కడ వీసా లేదు, ముళ్లకంచె లేదు, రాజ్యాంగమే దేశమంతా తిరిగే హక్కు ఇచ్చింది, మర్కూక్‌లో బయల్దేరిన మనిషి తిరుపతి దాకా ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. నిజమే. కానీ ఆ తేడాయే ఈ పరిశీలనకు మేలు చేస్తుంది. దేశాల మధ్య యాత్ర ఆగితే సైన్యం కారణమా, ఉగ్రవాదం కారణమా, ఎన్నికలా అని విడదీయడం కష్టం. రెండు తెలుగు రాష్ట్రాల మధ్య యుద్ధభయం లేదు, భాష ఒకటే, దేవుళ్లూ ఒకటే. ఉన్న తగాదా నీళ్లు, ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు, కొన్ని గ్రామాలు. ఇంత అనుకూలమైన చోట కూడా భక్తి పేరిట చేసిన మర్యాద తగాదాను తగ్గించలేకపోతే, వాఘా దగ్గర అది అద్భుతాలు చేస్తుందని ఆశించడం అత్యాశే.

ఇక మన వరుస చూద్దాం. 2015 అక్టోబరు 22, విజయదశమి. అమరావతి శంకుస్థాపనకు ఊరూరి నుంచీ పుణ్యక్షేత్రాల నుంచీ మట్టీ నీళ్లూ తెచ్చారు; కేసీఆర్ హాజరయ్యారు. డిసెంబరులో ఎర్రవల్లి. ఈ రెండు మర్యాదల తరువాత వాతావరణం చల్లబడిందన్నది ఒప్పుకోవలసిన మాట. జూన్‌లో విన్న భాష మళ్లీ కొంతకాలం వినపడలేదు. కానీ 2016 సెప్టెంబరు 21న ఢిల్లీలో నదీజలాల అపెక్స్ కౌన్సిల్ తొలి సమావేశం జరిగేనాటికి పాలమూరు–రంగారెడ్డి, డిండి ఎత్తిపోతల మీద ఇద్దరూ పాత వాదనలతోనే కూర్చున్నారు. తరువాత అదే ఆట, ఒక కొత్త ఆటగాడితో. 2019 మే 30న ఆంధ్ర ముఖ్యమంత్రిగా జగన్‌మోహన్‌రెడ్డి ప్రమాణ స్వీకారానికి కేసీఆర్ వెళ్లారు. జూన్ 21న మేడిగడ్డ దగ్గర హోమం చేసి కాళేశ్వరం ఎత్తిపోతల పథకాన్ని ప్రారంభించినప్పుడు జగన్ అతిథిగా వచ్చారు. ఏడాది తిరగలేదు. 2020 మే 5న శ్రీశైలం జలాశయం నుంచి రోజుకు మూడు టీఎంసీలు ఎత్తిపోసే పథకానికి ఆంధ్ర ప్రభుత్వం జీవో 203 ఇచ్చింది. తెలంగాణ భగ్గుమంది, వ్యవహారం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. సరిగ్గా ఆ నెలలోనే, మే 29న, మర్కూక్ పంప్‌హౌస్‌లో మోటార్లు ఆన్ చేశారు. చినజీయర్ స్వామి వచ్చారు, చండీ హోమం జరిగింది, మేడిగడ్డ దగ్గర వంద మీటర్ల ఎత్తున ఉన్న గోదావరి ఆరువందల మీటర్లు దాటి కొండపోచమ్మ సాగర్‌లోకి దూకింది. పదిహేను టీఎంసీల జలాశయం. దానికి పెట్టిన పేరు ఈ ప్రాంతపు అమ్మవారిది, కొమురవెల్లి మల్లన్నను మొక్కినవాళ్లు దర్శించుకుపోయే కొండపోచమ్మది. ఈసారి పొరుగు ముఖ్యమంత్రి లేరు. కొద్ది రోజులకే గోదావరి మీద తెలంగాణ కడుతున్నవన్నీ కొత్త ప్రాజెక్టులేనని ఆంధ్ర, కృష్ణ మీద ఆంధ్ర కడుతున్నది అక్రమమని తెలంగాణ నదీ యాజమాన్య బోర్డులకు ఫిర్యాదులు రాసుకున్నాయి. 2023 నవంబరు 29 అర్ధరాత్రి, తెలంగాణలో తెల్లవారితే పోలింగనగా, నాగార్జునసాగర్ డ్యాం మీద సగం గేట్ల దగ్గర ఆంధ్ర పోలీసులు ముళ్లకంచె వేశారు. పక్క పక్క పొలాల మధ్య గట్టు జరిపినట్టు, పోలీసులు పోలీసులకు ఎదురు నిలబడ్డారు. ఎర్రవల్లిలో చదివిన మంత్రాల్లో లోపం వల్ల కాదిది. యాగం ముందు కూర్చున్నప్పుడు ఎవరూ నీళ్ల లెక్క మాట్లాడరు. మాట్లాడకూడదనే అక్కడ కూర్చుంటారు. మాట్లాడనిది తీరదు.

ఇలాంటి మర్యాదల్లో ఇంకొకటి కానుక. 2017 ఫిబ్రవరి 22న కేసీఆర్ తిరుమల శ్రీవారికి సాలగ్రామ హారం, మకర కంఠాభరణం సమర్పించారు. విలువ సుమారు 5 కోట్ల రూపాయలు. రాష్ట్రం వస్తే చెల్లిస్తానన్న మొక్కు; చెల్లించింది ప్రభుత్వ ఖజానా నుంచి. తిరుచానూరు అమ్మవారికి ముక్కుపుడక, మరుసటి సంవత్సరం విజయవాడ కనకదుర్గకూ ముక్కుపుడక. ప్రజాధనంతో మొక్కులేమిటన్న విమర్శ అప్పుడూ వచ్చింది, సబబైన విమర్శే, దాని జోలికి ఎక్కువగా పోను. నాకు ఆసక్తి కలిగించేది దీని వెనకున్న పాత తెలుగు ఆనవాయితీ. గజపతుల మీద గెలిచి కళింగం దాకా వెళ్లిన శ్రీకృష్ణదేవరాయలు 1516లో రాణులతో కలిసి సింహాచలం వచ్చి స్వామికి ముత్యాల హారం, ఆభరణాలు సమర్పించి శాసనం వేయించాడు. సింహాచలం అప్పుడు గజపతుల ఏలుబడిలోని క్షేత్రం. ఆ హారం భక్తా, స్నేహమా, గెలుపు ముద్రా? మూడూ కావచ్చు. తరువాత సంధి కుదిరింది, గజపతి కూతురితో పెళ్లీ అయింది. కానీ సంధి కుదిర్చింది కత్తి, హారం దాని మీద పోసిన అక్షింతలు. పొరుగు రాజ్యపు దేవుడికి కానుక ఇచ్చేవాడు ఆ పొరుగు రాజ్యంతో మాట్లాడక్కర్లేదు, దేవుడితో మాట్లాడితే చాలు. రాష్ట్రం విడిపోవాలన్న మొక్కును, విడిపోవద్దని పోరాడిన ప్రాంతంలోని దేవుడికి చెల్లించడంలో ఎంత మర్యాద ఉందో అంత చురకా ఉంది. ఎవరికి ఏది కావాలో వాళ్లు అది చదువుకున్నారు.

కానుకలను వదిలి క్యూలోకి వస్తే విషయం కొంచెం నేల మీదికి దిగుతుంది. తెలంగాణ ప్రజాప్రతినిధుల సిఫార్సు లేఖలు తిరుమలలో చెల్లడం లేదన్న ఫిర్యాదు 2024లో రాజకీయ వివాదంగా ముదిరింది. శాసనసభ్యులు, మంత్రులు బాహాటంగానే మాట్లాడారు. మా దేవుళ్ల దగ్గర మేమూ అలాగే చేస్తామన్న మాటా వినిపించింది. 2024 డిసెంబరు ఆఖరున చంద్రబాబు ఒప్పుకున్నారు: వారానికి రెండు లేఖలు బ్రేక్ దర్శనానికి, మరో రెండు లేఖలు మూడువందల రూపాయల ప్రత్యేక ప్రవేశానికి, లేఖకు ఆరుగురి వరకు. అమలు 2025 మార్చి 24 నుంచి మొదలైంది. ఇది రెండు ప్రభుత్వాల మధ్య సద్భావనకు గుర్తని రెండు వైపులా చెప్పుకున్నారు. ఒకసారి లెక్క చూద్దాం. తెలంగాణలో 119 మంది శాసనసభ్యులు, 40 మంది మండలి సభ్యులు, 17 మంది లోక్‌సభ, ఏడుగురు రాజ్యసభ సభ్యులు, మొత్తం 183. అందరూ ఒకే రోజున తలా ఒక లేఖ ఇచ్చినా 1,098 మంది. రోజుకు అరవై, డెబ్భై వేల మందికి దర్శనమయ్యే కొండ మీద ఇది వందకు ఇద్దరు కూడా కాదు. మిగిలిన తెలంగాణ భక్తుడు ఎవరి లేఖా లేకుండా వైకుంఠం కాంప్లెక్సులో కంపార్ట్‌మెంటు తలుపు ఎప్పుడు తీస్తారా అని కూర్చుంటాడు. ఇనుప కటకటాల వెనక పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, స్టీలు గ్లాసులో పాలు, ఉప్మా అందుకుని, పక్కనున్న ప్రొద్దుటూరువాళ్లతో మోకాళ్ల నొప్పుల కబుర్లు చెప్పుకుంటూ. అతన్ని నీది ఏ రాష్ట్రమని సర్వదర్శనం ఎన్నడూ అడగలేదు. సిఫార్సు లేఖ తగాదా భక్తుడిది కాదు, లేఖ ఇచ్చేవాడి పరపతిది. అయినా దీన్ని పూర్తిగా కొట్టిపారేయను. యాగం పిలుపులో లేనిది ఇందులో ఒకటుంది: రోజు, అంకె, కౌంటరు. ఆపేస్తే ఆపేశారని నలుగురికీ తెలుస్తుంది. లోటు ఏమిటంటే ఇది ఒకవైపు దారి. ఇచ్చేది ఒకరు, పుచ్చుకునేది ఒకరు. ఆపితే ఆపినవాడికి పోయేదేమీ లేదు. కర్తార్‌పూర్ కారిడార్‌కూ ఇదే జబ్బు. దానికి ఒప్పందం ఉంది, సంతకాలున్నాయి, 2024లో మరో ఐదేళ్లకు పొడిగించారు కూడా. కానీ యాత్రికులు ఇటు నుంచి అటే వెళ్తారు. కాగితం మీద రాసుకుంటే చాలు నిలబడుతుందని నా వాదనైతే కర్తార్‌పూరే దాన్ని పడగొట్టేది. రాత అవసరం, సరిపోదు. అటూ ఇటూ బరువుండాలి.

అలాంటి బరువున్న ఉదాహరణ మనకు దేవాలయంలో కాదు, బస్టాండులో దొరుకుతుంది. కరోనాతో 2020 మార్చిలో ఆగిన అంతర్‌రాష్ట్ర బస్సులు లాక్‌డౌన్ సడలించాక కూడా నెలల తరబడి కదల్లేదు. కారణం వైరస్ కాదు, కిలోమీటర్లు. అంతకుముందు ఆంధ్ర ఆర్టీసీ తెలంగాణలో రోజుకు రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా తిప్పేది, తెలంగాణ ఆర్టీసీ ఆంధ్రలో లక్షన్నర. రాష్ట్రం విడిపోయిన ఆరేళ్లకు కూడా సరైన ఒప్పందం లేదు. సమానంగా ఉండాల్సిందేనని తెలంగాణ పట్టుబట్టింది. దసరా వచ్చింది, బెజవాడ దుర్గమ్మ నవరాత్రులు వచ్చాయి, బస్సు రాలేదు. జనం పొలిమేర దాకా ఒక బస్సులో వచ్చి, చెక్‌పోస్టు దగ్గర దిగి, సంచులు నెత్తిన పెట్టుకుని అవతలికి నడిచి, ఇంకో రాష్ట్రపు బస్సెక్కారు. వీసా లేని దేశంలో ఆ నాలుగు అడుగుల నడకను మించిన సరిహద్దు తెలుగువాళ్లెప్పుడూ చూడలేదు. నవంబరు 2న హైదరాబాద్‌లో ఒప్పందం కుదిరింది. తెలంగాణ 826 బస్సులు, 1,61,258 కిలోమీటర్లు. ఆంధ్ర 638 బస్సులు, 1,60,999 కిలోమీటర్లు. తేడా 259 కిలోమీటర్లు. ఏ దారిలో ఎవరు ఎన్ని తిప్పాలో కూడా అందులోనే ఉంది. ఒక్క మంత్రం చదవలేదు, శాలువా కప్పుకున్న ఫొటోలు ఎవరికీ గుర్తులేవు. కానీ సాగర్ డ్యాం మీద ముళ్లకంచె పడిన రాత్రి కూడా విజయవాడ, శ్రీశైలం, తిరుపతి బస్సులు తిరిగాయి. ఆపితే రెండు సంస్థలకూ ఆదాయం పోతుంది, రెండు వైపులా డ్రైవర్లూ కండక్టర్లూ ఖాళీగా కూర్చుంటారు. ఎవరూ ఆపరు.

బస్సుకూ భక్తికీ ఏమిటి సంబంధం, అది వ్యాపారం కదా, సద్భావన అనేది మనసుకు సంబంధించింది, దాన్ని కిలోమీటర్లలో కొలుస్తారా అని ఆక్షేపించేవారుంటారు. ఇందులో కొంత సత్యముంది. వ్యాపారం ఎంత సాగినా మనసు మారని పొరుగువాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. పైగా యాత్రికుడు వెళ్లినంతమాత్రాన సామరస్యం వస్తుందనీ చెప్పలేం. కచ్చతీవు సెయింట్ ఆంటోనీ ఉత్సవానికి భారత, శ్రీలంక జాలర్లు వీసా లేకుండా ఏటా కలుస్తారు, అయినా 2024లో తమవాళ్ల అరెస్టులకు నిరసనగా రామేశ్వరం జాలర్లు ఆ ఉత్సవాన్నే బహిష్కరించారు. వాళ్లకు చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. కాబట్టి యాత్ర మనసులు మారుస్తుందని నేను వాదించడం లేదు. తెలుగు రాష్ట్రాల యాత్రికుల మనసులు మారవలసిన అవసరమూ లేదు, అవి ఎప్పుడూ విడిపోలేదు. తూర్పుగోదావరి కోరుకొండ ప్రాంతంలో ఏటా కొందరు భక్తులు ప్రత్యేకంగా వరి పండించి, ఆ వడ్లను రోకటికీ మిల్లుకూ పంపకుండా గోటితో ఒక్కొక్క గింజే ఒలుస్తారు. గింజ విరగకూడదు, విరిగితే తలంబ్రాలకు పనికిరాదు. గోరు మొద్దుబారేదాకా ఒలిచిన ఆ బియ్యం శ్రీరామనవమికి భద్రాచలం చేరుతుంది. రాష్ట్ర విభజనకు ముందూ చేరింది, తరువాతా చేరుతోంది. ప్రభుత్వాలు ఈలోగా ఏం చేశాయి? భద్రాచలం తెలంగాణకు పోయింది కనుక ఆంధ్ర ప్రభుత్వం 2015 నుంచి ఒంటిమిట్టలో అధికారిక కల్యాణం మొదలుపెట్టింది. తిరుమల ఆంధ్రలో ఉంది కనుక తెలంగాణ ప్రభుత్వం యాదగిరిగుట్టను కొత్తగా కట్టించి 2022 మార్చిలో తెరిచింది. రెండూ మంచి పనులే, రెండు క్షేత్రాలకూ ఆదరణ పెరిగింది. కానీ అందులో పొరుగువాడి దేవుడి మీద ఆధారపడకూడదన్న పంతం కూడా ఉందని ఒప్పుకోకపోతే ఆత్మవంచన. కోరుకొండ భక్తులు ఒంటిమిట్టకు కూడా తలంబ్రాలు పంపి ఆ పంతాన్ని చాలా తేలికగా దాటేశారు.

పరీక్ష ముందుంది. 2027లో గోదావరి పుష్కరాలు. గత పుష్కరాల్లో, 2015 జులై 14న, రాజమహేంద్రవరం ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు; ఆ రద్దీ ఏ రాష్ట్రానిదని విడదీసి చెప్పడం అసాధ్యం. రెండు ప్రభుత్వాలూ ఈసారి కూడా ఒకరినొకరు పిలుచుకుంటాయి, పట్టువస్త్రాలు ఇచ్చిపుచ్చుకుంటాయి, హారతులిస్తాయి. నేను చూడబోయేది భద్రాచలం. 2014లో ఏడు మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు ఊరు మాత్రం తెలంగాణలో మిగిలి, ఊరిని ఆనుకున్న ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు అవతలికి పోయాయి. రాముడి భూములు దాదాపు 890 ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉన్నాయి, అంటే దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన పొలం ఇంకో రాష్ట్రంలో. ఆక్రమణలు తొలగించబోతే ఆలయ సిబ్బందికీ అక్కడివాళ్లకూ ఘర్షణలు. ఊరి చెత్త పోయడానికి కూడా ఊరికి జాగా లేదు. ఆ ఐదు గ్రామాలు తిరిగి ఇమ్మని తెలంగాణ చాలాసార్లు అడిగింది. ఇవ్వడానికి పార్లమెంటు చట్టం కావాలి, అది ఇప్పట్లో తేలేది కాదు. కానీ పన్నెండు రోజుల పుష్కరానికి బస్సులు ఎటపాకలో ఎక్కడ ఆగాలి, ఎన్ని ఆగాలి, వాటి చెత్త ఎవరు ఎత్తాలి, తాగునీటి ట్యాంకరు ఎవరిది, తొక్కిసలాట జరిగితే మొదటి అంబులెన్సు ఏ వైపు నుంచి రావాలి అన్నది రాసుకోవడానికి పార్లమెంటు అక్కర్లేదు. ఇద్దరు కలెక్టర్లు, ఒక బల్ల, ఒక కాగితం చాలు.